ఎడమ జేబులోని కందులు

1956 జూన్ 18, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. వికారాబాదులో ఒక ఉన్నత పాఠశాల వెనుక వైపు రెండు గదుల్లో నడిచే ఉపాధ్యాయ శిక్షణ తరగతిలో నేను ఆయనను మొదటిసారి చూసిన సమయం అది. అంచనా కాదు, ఆనాటి డైరీలో ఉన్నది. పది గంటలకు రావలసిన బోధకుడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని కూడా అదే పేజీలో రాసుకున్నాను. ఆయన ఆలస్యంగా రాలేదనీ, పదింటి నుంచి మా వెనుక చివరి బల్ల మీద కూర్చుని మేము మాట్లాడుకునే మాటలు వింటున్నారనీ మర్నాడు తెలిసింది. ఆ వాక్యం కొట్టివేసి కింద సరిదిద్దాను. అంటే ఆయన గురించి నా డైరీలో చేరిన మొదటి సంగతే తప్పు.

ఆయన ఇక లేరని నాకు చెప్పినది మాతోపాటు శిక్షణ పొందిన ఒక మిత్రుడు. వకాలతు వదిలిపెట్టి వచ్చినవాడు కనుక అతన్ని మేమందరం వకీల్ సాబ్ అనేవాళ్లం. ఈ ఏడాది ఆగస్టు 22న, సోమవారం, వికారాబాదు స్టేషనులో తాండూరు బండి ఆగి ఉన్నప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "మన కందుల సారు పోయిండు, ఎర్కయిందా?" అన్నాడు. బండి కదిలింది. తాండూరు చేరేదాకా కోటు జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. జేబు ఖాళీగానే ఉంది.

కందుల సారు అన్న పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మేమెవరమో చెప్పాలి. మేము ఇరవై ఇద్దరం. అందరం డిగ్రీ చదివినవాళ్లం, అందరం వేరే పని చేసి వచ్చినవాళ్లం. 1948లో నిజాం పాలన పోయిన తరువాత కొన్నేళ్లలోనే మా ప్రాంతంలో ఎన్నో దఫ్తర్లు మూతపడ్డాయి. జాగీర్లు పోయాయి, వాటితో జాగీరు కచేరీలు పోయాయి. సరుకుల మీద సుంకం తీసుకునే కరోడ్‌గిరి శాఖ పోయింది. మరోవైపు ఊరూరా హైస్కూళ్లు తెరుస్తున్నారు, పై తరగతులకు పాఠం చెప్పే మనుషులు లేరు. పనిలేని పట్టభద్రులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్టు ఇచ్చి బడులకు పంపడమన్న ఏర్పాటు అందులోంచి పుట్టింది.

నేను తాండూరు స్టేషను పక్కనే ఉన్న కరోడ్‌గిరి నాకాలో, అంటే సుంకం వసూలు చేసే చౌకీలో, తొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేశాను. రైలు దిగిన ప్రతి మూటకూ బిల్టీ ఉంటుంది. మూటలో ఏ సరుకు ఉందో ఆ కాగితంలో రాసి ఉంటుంది. కాగితం చేతిలో పట్టుకుని యజమానిని "ఇందులో ఏముంది?" అని అడగడం నా ఉద్యోగం. అతను చెప్పినది కాగితంతో సరిపోతే ముద్ర, సరిపోకపోతే మూట విప్పించడం. తొమ్మిదేళ్లలో సరిపోని మూట ఒక్కటీ నా చేతి మీదుగా దాటలేదు. ఆ గర్వంతోనే వికారాబాదు వెళ్లాను.

ఆ మొదటి రోజు ఆయన వెనుక నుంచి మా మధ్యగా నడిచి ముందుకు వచ్చి, మేమంతా కంగారుగా లేవబోతుంటే చెయ్యి ఊపారు.

"కూసోండ్రి, కూసోండ్రి. మీరందరు చదువుకున్నోళ్లు. మీ చదువు మీద నాకు షక్ లేదు. మీ కుర్సీల మీదనే ఉన్నది. పాత కుర్సీ ఇంక మీ కిందనే ఉన్నది. దాన్నెట్ల గుంజాల్నో గదే నా ఫికర్."

పొట్టి మనిషి. పరిగి దగ్గరి పల్లెలో పుట్టినవారు. తెల్లటి ధోవతి మీద నల్ల కోటు వేసేవారు, మార్చి ఎండలోనూ విప్పేవారు కాదు. కోటులో ఆయనకు కావలసినవి రెండు జేబులు మాత్రమే. ఎడమ జేబులో కందులు నింపుకునేవారు. మాలో ఎవరైనా తరగతిలో పాఠం చెబుతుంటే ఆయన వెళ్లి పిల్లల మధ్యన, వెనుక బల్ల మీద కూర్చునేవారు. పాఠం చెప్పేవాడు ఒక ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరవక ముందే తానే జవాబు చెప్పేస్తే, ఎడమ జేబులోంచి ఒక కందిగింజ తీసి కుడి జేబులో వేసేవారు. కాగితం లేదు, పెన్సిల్ లేదు. బోర్డు దగ్గర నిలబడినవాడికి ఆయన మోచేయి కదలడం ఒక్కటే కనబడేది. గంట కొట్టగానే ఆయన వచ్చి కుడి జేబు మన దోసిట్లో కుమ్మరించేవారు.

"నీయి నువ్వే పట్టుకపో."

అదే విమర్శ. ఆపైన ఒక్క ప్రశ్న ఉండేది. "మూడో వరుసల కిటికి పక్కన కూసున్న పోరి పేరేంది?" మొదటి సారి నన్ను అలా అడిగినప్పుడు నేను హాజరు పట్టీ తెరిచాను. ఆ తరగతిలోని అందరి పేర్లూ అక్షరక్రమంలో తిరగరాసి పెట్టుకున్నాను. ఏ పేరు ఏ ముఖానిదో మాత్రం తెలియదు. ఆయన పట్టీ వైపు చూశారు, నా వైపు చూశారు. "రైట్, సరుకంత ముట్టింది. మూటలే కండ్లవడుతలెవ్వు," అని వెళ్లిపోయారు.

మమ్మల్ని ఆయన అసలు పేర్లతో ఎన్నడూ పిలవలేదు. వదిలి వచ్చిన పనితోనే పిలిచేవారు. నేను కరోడ్‌గిరి సాబ్. జాగీరు కచేరీలో లెక్కలు రాసి వచ్చినాయన జాగీర్ సాబ్. శిక్షణ పూర్తయ్యేలోగా ఎవరినైనా ఆయన ఒక్కసారి "పంతులూ" అని పిలిస్తే అతను గట్టెక్కినట్టేనని మా ముందు బ్యాచి వాళ్లు చెప్పిపోయారు. సర్టిఫికెట్టు మీద ఏ శ్రేణి ఉన్నా మాకు లోపల లోపల ఆ పిలుపు మీదే ఆశ.

ఎవరు ఏ కుర్చీ మోసుకొచ్చారో ఆయన అయిదు నిమిషాల్లో కనిపెట్టేవారు. వకీల్ సాబ్ ఏ పాఠం చెప్పినా "అవునా, కాదా?" అన్నదే ప్రశ్న. ఒకనాడు పానిపట్టు యుద్ధం గురించి ఒక పిల్లవాడిని ముప్పుతిప్పలు పెడుతుంటే ఆయన వెనుక నుంచి లేచి నిలబడి, "వకీల్ సాబ్, జర ఆగుండ్రి. ముద్దాయి ఎవ్వలు, గీ పోరడా? వీడు యుద్ధం చెయ్యలే, నేను జమానత్ ఉంట," అన్నారు. తరగతి మొత్తం నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు వకీల్ సాబే.

ఇక జాగీర్ సాబ్ తన కందులన్నీ పోగుచేసి సెప్టెంబరులో ఒకనాడు పప్పు వండి మధ్యాహ్నం అందరికీ పెట్టాడు. ఆయనకూ ఒక గిన్నెలో పెట్టాడు. జొన్నరొట్టెతో తింటూ ఆయన, "మంచిగున్నది జాగీర్ సాబ్. ఇంక రెండు నెలలు గిట్లనే చెప్పు, దావత్‌లకు కొదవుండదు," అన్నారు.

నా మొదటి పాఠం జూలై 9, సోమవారం. నలభై నిమిషాల్లో కందులు 43. నిమిషానికి ఒకటి కంటే ఎక్కువ. తప్పు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. నేను అడిగేది నాకు తెలిసిన జవాబు కోసం. ఆ జవాబు పిల్లవాడి నోటి నుంచి వచ్చేదాకా ఆగడం వ్యర్థమనిపించేది. ఆయన పద్ధతి మీద కొంచెం కోపం కూడా వచ్చింది. అలా ఎవరు చెప్పగలరు, గింజ పడకుండా? ఆ మాట వకీల్ సాబ్‌తో అన్నాను. వకీల్ సాబ్ వెళ్లి ఆయనతో అన్నాడు.

మరుసటి వారం ఆయన తన కోటు విప్పి నాకు తొడిగారు. పొట్టి మనిషి కోటు, నా మణికట్లు బయటికి వచ్చాయి. "నేను చెప్త, నువ్వు లెక్కపెట్టు," అని వెళ్లి ఏడో తరగతికి త్రిభుజాల పాఠం చెప్పారు. నేను వెనుక బల్ల మీద కూర్చున్నాను. ఆయన ఒక ప్రశ్న అడుగుతారు, సుద్దముక్క కింద పెడతారు, కిటికీలోంచి అనంతగిరి కొండల వైపు చూస్తారు. ఏమీ జరగదు. తరగతి అంతా నిశ్శబ్దం. పదో, పన్నెండో లెక్కపెట్టాక ఎక్కడో ఒక గొంతు మొదలయ్యేది. తప్పు జవాబు. ఆయన తల ఆడించి మళ్లీ కొండల వైపు చూసేవారు. ఇంకో గొంతు. గంట కొట్టినప్పుడు నా కుడి జేబులో రెండు గింజలు ఉన్నాయి. గెలిచినవాడిలాగా చూపించాను.

"రెండు గాదు, మూడు," అన్నారు ఆయన. "రెండోది, మూడోది దగ్గరదగ్గర వడ్డయ్. నువ్వు ఒక్కటే అనుకున్నవ్." ఎడమ జేబులో చెయ్యి పెట్టి మూడో గింజ తానే తీసి కుడి జేబులో వేశారు. డైరీలో ఆయన పేరిట 3 అని రాసుకున్నాను.

ఆ తరువాత నాకు ఆయన చెప్పినది ఒక్కటే. "అడిగినంక నోరు కట్టుకో. మనసుల పది లెక్కవెట్టు. నీకు లెక్కలంటే పానం గద." ప్రయత్నించాను. మూడు దాటలేకపోయేవాణ్ణి. నాకాలో జవాబు ఆలస్యమైతే మూటలో ఏదో దాచినట్టు లెక్క. ఆ అలవాటు తొమ్మిదేళ్లు ఎముకల్లోకి దిగింది. జూలై నుంచి ఫిబ్రవరి వరకు ఆయన ముందు నేను చెప్పిన పాఠాలు 18. నా దోసిట్లో పడిన కందులు 594. పాఠానికి సగటున 33.

జనవరిలో మమ్మల్ని అభ్యాసం కోసం వేరువేరు ఊళ్ల బడులకు పంపారు. నాకు తాండూరు వచ్చింది. ఇల్లు అక్కడే కనుక సంతోషించాను. ఆయన వారానికి రెండు రోజులు వికారాబాదు నుంచి బండిలో వచ్చి చూసి వెళ్లేవారు. అక్కడి బడిలో నాకు తాత్కాలికంగా ఒక ఉద్యోగం కూడా చూపించారు. షరతు ఒకటి. మార్చి 31 లోగా సర్టిఫికెట్టు చూపాలి. చూపకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. వెనక్కి వెళ్లడానికి నాకా లేదు. ఆ గదిలో అప్పటికే ఎవరో సున్నం బస్తాలు నింపుకున్నారు.

చివరి పరీక్ష పాఠం మార్చి 5, మంగళవారం, ఉదయం పదకొండుకు. నగరం నుంచి ఒక పరీక్షాధికారి వస్తారు, ఆయన మార్కులు వేస్తారు, కింద మా బోధకుడు సంతకం చేయాలి. ఎనిమిదో తరగతి, విజ్ఞానశాస్త్రం, నీరు ఆవిరి కావడం, ఆవిరి తిరిగి నీరు కావడం. పాఠ పథకం పుస్తకంలో ఎడమ వైపు పన్నెండు ప్రశ్నలు, కుడి వైపు పిల్లలు చెప్పవలసిన పన్నెండు జవాబులు రాశాను. ఏడో ప్రశ్న, ఉడికే అన్నం గిన్నె మూత కింద నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని. రాసి చూసుకుంటే కుడి వైపున ఉన్నది నాకు ఒక బిల్టీలాగా కనిపించింది. అధికారి వచ్చే ముందు సరుకూ కాగితమూ సరిపోయి ఉండాలి. సోమవారం సాయంత్రం మూడింటికి ఎనిమిదో తరగతి ఖాళీగా ఉందని తెలుసుకుని, వెళ్లి ఆ పాఠమంతా ఒకసారి చెప్పేశాను. ఏ ప్రశ్న ఎవరిని అడుగుతానో, వారేమి చెప్పాలో చెప్పి, రెండుసార్లు అనిపించాను. అది మోసమని ఆనాడు నాకు తోచలేదు. డైరీలో "తరగతిని సిద్ధం చేశాను" అని రాసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని కొట్టివేయలేదు.

మంగళవారం నలభై ఒక్క మంది పిల్లలు వచ్చారు. పరీక్షాధికారి తలుపు పక్కన కుర్చీ వేసుకున్నారు. మా సారు ఎప్పటిలాగే వెనుక బల్లకు వెళ్లి ఒక ఆడపిల్ల పక్కన కూర్చున్నారు. నేను అడుగుతూ పోయాను, జవాబులు వస్తూ పోయాయి. ఒక్కసారి కూడా ఆయన మోచేయి కదలలేదు. ముప్ఫై అయిదు నిమిషాలకు పన్నెండూ పూర్తయ్యాయి. పరీక్షాధికారి రాసుకుంటూ, "చాలా బాగుంది. మొదటి శ్రేణి పాఠం," అన్నారు. నా జీవితంలో ఒక తరగతి గది నుంచి అంత తేలికగా బయటికి నడిచినది ఆనాడే.

బడి ప్రహరీ పక్కన కట్టడానికి తెచ్చిన నాపరాళ్లు పేర్చి ఉన్నాయి. ఆయన వాటి మీద కూర్చుని నన్ను పిలిచారు.

"కరోడ్‌గిరి సాబ్, చెయ్యి సాపు."

చాపాను. ఆయన కుడి జేబు లోపలి గుడ్డ బయటికి లాగి చూపించారు. ఒక్క గింజ లేదు.

"ఎట్లయింది?" అన్నారు.

"అంత మీరు చెప్పిందే సార్."

"నేను చెప్పింది గాదు. నా పక్కన కూసున్న పిల్ల మస్తు మంచిది. నువ్వు ఏడో సవాల్‌కు రాకముందే నా మోచెయ్యి పొడిశింది. 'తాతా, ఇగ మూతకాడి ముచ్చట అడుగుతడు. నిన్ను లేపితె ఆవిరి అని చెప్పు. నిన్న నువ్వు రాలేదు గద, నీకెర్కుండది' అన్నది."

ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

"సవాల్ ఇంక నీ నోట్లెనే ఉన్నది, పదహారు చేతులు లేసినయ్. గింజలు పడకపోతె చేతులు లెక్కవెట్టిన, ఖాళీగ ఎందుకు కూసోవాలె? ఇగ విను. పట్నంకెల్లి వచ్చిన పెద్దసారుకు ఎర్కలేదు. నాకెర్క, నీకెర్క, లోపట పిల్లలకెర్క. కింద నా దస్తకత్ కావాలె. నీకిద్దరు బిడ్డలున్నరు. పెట్టుమంటె పెడ్త. మళ్ల ఎన్నడు గీ మాట ఎత్తను. నువ్వే చెప్పు."

అక్కడ నేను పదకొండు నిమిషాలు కూర్చున్నాను. మార్చి 31కి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. మళ్లీ పరీక్ష మరుసటి ఏడాదే. తొమ్మిదేళ్ల నాకా ఉద్యోగం గుర్తుకొచ్చింది. ఈ మూట నేనే కట్టాను, బిల్టీ నేనే రాశాను, ముద్ర కూడా నేనే వేసుకున్నాను. అయినా ఆ పదకొండు నిమిషాల్లో ఎక్కువ భాగం నేను వెతికినది సంతకం పెట్టండి అని మర్యాదగా చెప్పే వాక్యం కోసమేనని ఒప్పుకోవాలి.

ఆ వాక్యం దొరికేలోగా ఎనిమిదో తరగతి వాళ్లు నీళ్లు తాగడానికి బయటికి వచ్చారు. వెనుక బల్ల మీది ఆ పిల్ల మమ్మల్ని చూసి ఆగింది.

"సార్, పాసైండ్రా? మేము ఒక్కటి గూడ తప్పలే."

"మంచిగ చెప్పిండ్రు," అన్నాను.

"మరి గా మూత కింద నీళ్లు యాడికెల్లి వస్తయో ఇప్పుడు చెప్పుండ్రి సార్. ఆవిరి, ఆవిరి అని మస్తుసార్లు అన్న గని నాకు సమజ్ గాలే. నిన్న అడిగితె పరీచ్చ అయినంక చెప్తా అంటిరి."

నిజమే, ముందురోజు ఆ మాట అన్నాను. అలా అన్నట్టు డైరీలో రాసుకోలేదు, అంతే. ఆ పిల్ల నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. ఆయన నాపరాళ్ల అంచు వైపు చూస్తున్నారు, ఏడో తరగతిలో కొండల వైపు చూసినట్టే. నేను పది దాటి లెక్కపెట్టాను.

"పెట్టొద్దు సార్," అన్నాను.

ఆయన లేచి ధోవతికి అంటిన రాతిపొడి దులుపుకున్నారు.

"అయితె లే, పంతులూ. పెద్దసారుకు బండి రెండున్నరకు ఉన్నది. తొమ్మిదో తరగతిల ఒక గంట దొరుకుతది. ముందుగాల పోయి ఆయనకు నీ నోటితోని నువ్వే చెప్పు."

గడియారం చూశాను. పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ. ఏ పాఠమూ బాగా చెప్పని రోజున, ఉన్న మార్కులు కూడా పోగొట్టుకోబోతున్న నిమిషంలో, ఆయన నన్ను పంతులూ అన్నారు. అది ఆయన గమనించి అన్నారో లేదో తెలియదు. నేను మాత్రం గమనించాను. లేస్తుండగా ఆయన చెయ్యి చాచి నా పాఠ పథకం పుస్తకం తీసుకుని కోటు లోపల పెట్టేసుకున్నారు.

పరీక్షాధికారి నేను చెప్పినదంతా విని, కళ్లజోడు తీసి, "మీకు మతి ఉన్నదా? నేను మార్కులు వేసేశాను," అన్నారు. తరువాత మా సారు వైపు చూశారు. అధికారి కాగితం మీద ఒక గీత గీసి, "సరే, ఒంటి గంటకు. ముప్ఫై అయిదు నిమిషాలే. నా బండి పోతే మీ ఇద్దరిదీ బాధ్యత," అన్నారు.

తొమ్మిదో తరగతి. తులాదండం, అంటే మీట సూత్రం. సిద్ధం చేసుకున్నది ఏదీ లేదు. మొదటి ఇరవై నిమిషాలు నేను పాత మనిషినే. అడగడం, భయపడడం, నేనే చెప్పేయడం. వెనుక మోచేయి గడియారం లోలకంలాగా కదులుతోంది. చివరికి ఏమీ తోచక, "పెద్ద రాయిని గడ్డపారతో లేపడం ఎవరైన చూసిండ్రా?" అని అడిగి బోర్డుకు ఆనుకుని నిలబడ్డాను. తాండూరు బడి అది. సగం మంది ఇళ్లలో నాపరాతి గనుల్లో పనిచేసేవాళ్లున్నారు. ఒక పిల్లవాడు లేచాడు.

"మా నాయిన లేపుతడు సార్. గడ్డపార కింద ఇంకో సిన్న రాయి పెడ్తడు."

"యాడ పెడ్తడు?" అన్నాను.

అడిగిన తరువాత తెలిసింది, ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. సూత్రం తెలుసు. ఆ పిల్లవాడి తండ్రి ఆ చిన్న రాయిని ఎక్కడ పెడతాడో తెలియదు. జవాబు తెలియకుండా నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. పెద్ద రాయికి దగ్గరగా అని అతను అన్నాడు. కాదు, చేతికి దగ్గరగా అని ఇంకొకడు లేచాడు. "మీ నాయినకేం ఎర్క, మీ నాయిన బండి తోల్తడు," అని మూడోవాడు. ఇద్దరు వెళ్లి పొడవాటి స్కేలూ, డస్టరూ తెచ్చి బల్ల మీద పెట్టి చూపించడం మొదలుపెట్టారు. తరగతి సంతలాగా అయింది. నేను బోర్డు మీద సూత్రం రాయక ముందే గంట కొట్టారు.

పరీక్షాధికారి లేస్తూ, "పాఠం పూర్తి కాలేదు. క్రమశిక్షణ లేదు. మూడో శ్రేణి," అని రాసి, మా సారు వైపు కాగితం జరిపారు. ఆయన సంతకం చేశారు. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా చేశారు. అధికారి గుర్రపు బండి ఎక్కి స్టేషనుకు వెళ్లారు. రైలు దొరికింది.

ఆయన కుడి జేబు నా దోసిట్లో కుమ్మరించారు. అక్కడే నిలబడి లెక్కపెట్టాను.

"పందొమ్మిది సార్."

"పందొమ్మిదే. అన్ని ముందటియే. గా పోరడు గడ్డపార ముచ్చట ఎత్తినంక ఒక్కటి పడలే. నువ్వు చూస్కోలే." ఆయన కోటు సర్దుకున్నారు. "నాకు గూడ బండి టైమయింది. గా పిల్లకు మూత సంగతి మాత్రం మర్వకు."

మర్నాడు ఇంటి నుంచి అన్నం గిన్నె, మూత తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్లాను. పన్నెండు ప్రశ్నల పాఠానికి ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఒక్క ప్రశ్నకు రెండు రోజులు పట్టింది. సర్టిఫికెట్టు మార్చి 27న చేతికి వచ్చింది. ఉద్యోగం నిలిచింది. అదే ఊళ్లో, అదే బడిలో ఇప్పటికీ ఉన్నాను.

ఆ తరువాత ఆయనను రెండుసార్లే చూశాను, రెండుసార్లూ వికారాబాదు స్టేషనులోనే. మొదటిసారి ఆయన చుట్టూ ఆ ఏటి శిక్షణ వాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. నన్ను చూపించి, "ఈయన పంతులు, తాండూరుల," అన్నారు. కరోడ్‌గిరి ప్రస్తావన లేదు. రెండోసారి ఒంటరిగా బల్ల మీద కూర్చుని టీ సాసరులో పోసుకుని చల్లార్చుకుంటున్నారు. పదవీ విరమణ అయిపోయింది, అయినా అదే కోటు. ఎడమ జేబు ఉబ్బెత్తుగానే ఉంది. "ఇంక కందులెందుకు సార్?" అన్నాను. "ఇంట్ల ముసల్ది మాట్లాడుతుంటె లెక్కవెడ్త. నన్ను అడుగుతది, తనే చెప్పుకుంటది," అన్నారు. పుస్తకం గురించి ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నిన్న రాత్రి రాయకుండా, తెల్లవారాక వెలుతురులో చూసి రాయాలని ఆపుకున్న లెక్క ఇది. ఈ ఉదయం గింజలు దాచిన సుద్దముక్కల డబ్బా తెరిచి చూసి రాస్తున్నాను.

ఆయన నాకు ఇచ్చిన కందులు మొత్తం 613. అందులో 594 మా ఇంటి పప్పులో కలిశాయి. చివరి రోజువి 19 దాచాను. పురుగు పట్టి పోయినవి 6. మా చిన్నమ్మాయి పెరట్లో నాటినవి 2, ఒకటి మొలిచింది. డబ్బాలో ఉన్నవి 11.

పోయినవి: మొదటి శ్రేణి ఒకటి, పాఠ పథకం పుస్తకం ఒకటి, కరోడ్‌గిరి సాబ్ అన్న పిలుపు ఒకటి.

ఉన్నవి: ఒక సర్టిఫికెట్టు, మూడో శ్రేణి, ఆయన సంతకంతో. ఒక ఉద్యోగం. ఒక అన్నం గిన్నె, మూతతో సహా.

నిన్న ఎనిమిదో తరగతికి మళ్లీ ఆవిరి పాఠం చెప్పాను. వెనుక బల్ల మీద ఎవరూ లేరు కనుక గింజలు నేనే మార్చుకున్నాను. నాలుగు పడ్డాయి. ఆయన కంటే ఒకటి ఎక్కువ.